కంట్రోలరు గారి తొమ్మిదింటి ఛార్జింగు

కంట్రోలరు గారు కుర్చీలో కూర్చుని ఉండగా చూశామని గట్టిగా చెప్పగలిగినవాళ్లు ఆ కాలనీలో ఇద్దరే ఉన్నారు. ఒకరు ఆయన భార్య. రెండోవారు ఎదురు బ్లాకులో ఉండే పళ్ల డాక్టరు. ఆ డాక్టరు గారు కూడా, దవడ పన్ను పీకుతుంటే మధ్యలో లేచి బయటి గది దాకా వెళ్లొచ్చిన పేషెంటు తన సర్వీసులో ఈయనొక్కరేనని అందరికీ చెబుతూ ఉంటారు.

టీ నిలబడి తాగుతారు. పేపరు నడుస్తూ చదువుతారు. వంటింటి గుమ్మం దగ్గర మొదలుపెట్టిన వార్త బాల్కనీ చేరేసరికి పూర్తవ్వాలి. పెద్ద వార్త అయితే విలేకరిని తిట్టుకుంటూ వెనక్కి తిరుగుతారు. "కాస్త కూర్చోండి, మిమ్మల్ని చూస్తుంటే నాకు ఆయాసం వస్తోంది" అని భార్య అంటే, "నువ్వు కూర్చునే ఉన్నావుగా, నీకెందుకోయ్ ఆయాసం" అని మరో చుట్టు వేస్తారు.

ఇదంతా బస్టాండు పెట్టిన అలవాటు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా ఆయన చేసింది బస్సుల్ని బయటికి పంపడమే. వచ్చిన బస్సుని ప్లాట్‌ఫారానికి పెట్టించడం, టైము కాగానే ఈల వేయడం. ఆయన ఈల వేయందే ఏ బస్సూ కదలకూడదు, అది రూలు. ఆయన ఈల వేసినా ఏ బస్సూ వెంటనే కదలదు, అది ఆచారం. డ్రైవరు చేతిలో టీ గ్లాసు అప్పుడే సగమై ఉంటుంది. కండక్టరు పక్క బస్సు కండక్టరుతో ఇంటి సంగతులు ముగించడు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీదా, ఒక కాలు నేల మీదా పెట్టి, "ఒక్క నిమిషం ఆపండి, మా ఆయన మంచినీళ్లకెళ్లాడు" అని ఓ ఇల్లాలు అడ్డంగా నిలబడుతుంది. బోర్డు మీద తొమ్మిదని రాసి ఉన్న బస్సులు ఎన్ని ఉన్నా, గేటు దాటేసరికి ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా, జనం తోసుకోకుండా దాటుతాయి. మనుషుల ఆలస్యమే బస్టాండుని కాపాడుతోందని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది.

కాలనీ అంటే నాలుగు బ్లాకులు, మధ్యలో పార్కింగు, గేటు బయట కంచె లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు. ఆ ట్రాన్స్‌ఫార్మరు పెట్టిన రోజుల్లో జనానికి ఉన్నవి ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఇంటికో టీవీ. ఇప్పుడు ఇంటికి రెండు ఏసీలు. ఆపైన పార్కింగులో వరసగా కరెంటు కార్లు. మొదటి కారు కొన్న జిమ్ము మాస్టారిని అందరూ వింతగా చూశారు. తర్వాత చూడటం మానేసి తామూ కొన్నారు.

సాయంత్రం అందరూ ఇంచుమించు ఒకేసారి ఇంటికొస్తారు. రాగానే కారుకి ప్లగ్గు పెడతారు, పైకెళ్లి ఏసీ వేస్తారు, స్టవ్వు వెలిగిస్తారు. అదే వేళకి వాచ్‌మన్ నీళ్ల మోటారు ఆన్ చేస్తాడు. మొదట లైట్లు నీరసపడతాయి. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతాయి. ఆ తర్వాత బయట ఢాం అని చప్పుడు, నాలుగు బ్లాకుల్లోంచీ ఒకేసారి "అబ్బా!" అనే మూలుగు. కాలనీవాళ్లంతా ఏకాభిప్రాయంతో పలికే మాట అదొక్కటే.

మూడోసారి ఫ్యూజు వేయడానికి వచ్చిన లైన్‌మన్ స్తంభం దిగి, చేతులు దులుపుకుంటూ అన్నాడు: "సార్, తప్పు దీనిది కాదు. అందరూ ఒక్కసారే దాని నెత్తినెక్కి కూర్చుంటే అదేం చేస్తుంది? వంటలయ్యాక, ఓ తొమ్మిది దాటాక పెట్టుకోండి బళ్లు. అప్పుడు దానికి కాస్త ఊపిరాడుతుంది."

"పెద్దది వేయొచ్చుగా?" అన్నారు పళ్ల డాక్టరు. ఆయనే కాలనీ సెక్రెటరీ.

"వేస్తారు సార్. మీ ముందు చాలా కాలనీలున్నాయి వరసలో. ఈలోగా ఇది కాలిందంటే మాత్రం వారం రోజులు చీకట్లోనే."

ఆ మాటతో డాక్టరు గారికి చెమటలు పట్టాయి. మర్నాడే మీటింగు పెట్టి ఖరాఖండిగా చెప్పేశారు. ఇంకొక్కసారి కరెంటు పోయిందంటే పార్కింగులో ఛార్జింగు పాయింట్లకి తాళం. ఎవరి బండి వాళ్లు ఊళ్లో ఎక్కడైనా ఛార్జి చేయించుకోవచ్చు.

అందరూ గొణుక్కున్నారు. కంట్రోలరు గారు మాత్రం గొణగలేదు. కారణం ఆయన కూతురు.

కూతురు అదే కాలనీలో, వెనక బ్లాకు కింది వాటాలో ఉంటుంది. అల్లుడు ఓడలో ఇంజనీరు. ఏడాదిలో సగం నీళ్ల మీదే ఉంటాడు. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకే వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించి, నడిపించి వస్తుంది. మడత బల్ల, దిండ్లు, రబ్బరు పట్టీలు అన్నీ కారు వెనకాలే. ఆ కారే ఆవిడ ఆసుపత్రి. రోజంతా ఊరు చుట్టి వచ్చేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. రాత్రి ఛార్జింగు పడకపోతే మర్నాడు ఎవరి మోకాలో వంగకుండా ఉండిపోతుంది.

ఆ మీటింగు అయిన రాత్రి భోజనాల దగ్గర కూతురు మామూలుగానే చెప్పింది: "ఊరికి అటువైపు ఒక ఇల్లు చూశానమ్మా. గ్యారేజీ ఉంది, అందులో సొంత ఛార్జరుంది. ఆదివారం రాత్రిలోగా ఏదో ఒకటి చెప్పమంది ఇంటావిడ."

"అటువైపా? రావాలంటే గంట పైనే!" అంది తల్లి.

"ఏం చెయ్యనమ్మా? తాళం వేసేస్తే బండిని నెత్తిన పెట్టుకు తిరగనా?"

కంట్రోలరు గారు అప్పటికి కంచం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. "తాళం ఎవడు వేస్తాడు? నేను లేనూ?" అన్నారు. కూతురు తల్లి వంక చూసింది. తల్లి పైకప్పు వంక చూసింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారి తలుపు తట్టారు. "ఛార్జింగు సంగతి నాకొదిలెయ్యండి. రోజుకి మూడొందల బస్సుల్ని పంపినవాణ్ని. ఈ ఇరవై కార్లొక లెక్కా?"

డాక్టరు గారు బ్రష్షు నోట్లో పెట్టుకునే తల ఊపారు. ఒప్పుకున్నట్టో కాదో తేలకముందే కంట్రోలరు గారు మెట్లు దిగిపోయారు.

ఆయన వేసిన పథకం చాలా తేలిక. అందరికీ ఒకే టైము: తొమ్మిది. "ఒకరికి తొమ్మిది, ఇంకొకరికి పదకొండు అంటే కొట్టుకుంటారు. తొమ్మిదని చెబుదాం. ఎవడు సరిగ్గా తొమ్మిదికి దిగుతాడు? ఒకడు సీరియల్ అయ్యాక దిగుతాడు, ఒకడు పిల్లాణ్ని పడుకోబెట్టి దిగుతాడు, ఒకడు మర్చిపోయి పెళ్లాం తిడితే దిగుతాడు. వాటంతటవే సర్దుకుంటాయి," అని భార్యకి వివరించారు.

"మరి ఫోన్లోనే టైము పెట్టుకోవచ్చటగా? దిగక్కర్లేదట," అంది ఆవిడ.

"ఆఁ, పెడతారు పెడతారు" అని కొట్టిపారేశారు.

పెట్టారు. అందరూ, పొల్లుపోకుండా పెట్టారు. పెద్దాయన అంతగా చెప్పారు కదాని సాయంత్రమే ప్లగ్గులు తగిలించి, ఫోన్లో తొమ్మిదని నొక్కి, నిశ్చింతగా పైకెళ్లిపోయారు.

ఆ సాయంత్రం లైట్లు నీరసపడలేదు, ఫ్యాన్లు ఆగలేదు. కంట్రోలరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పార్కింగులోకి దిగారు. జేబులో పాత ఈల ఉంది. ఒక్క మనిషీ దిగలేదేమిటని కాస్త వెలితిగా అనిపించింది. అయినా ఆయన పని ఆయన చెయ్యాలి కదా. గోడ గడియారం వంక చూసి, ఛాతీ నిండా గాలి పీల్చి, తొమ్మిదికి ఈల వేశారు.

ఈల ఇంకా నోట్లో ఉండగానే గోడల వెంబడి టక్ టక్ టక్ మని ఛార్జర్లన్నీ ఒక్కసారి కళ్లు తెరిచాయి. ఇరవై పచ్చదీపాలు. అంత క్రమశిక్షణ ఆయన జీవితంలో చూడలేదు. ఒక్క క్షణం పొంగిపోయారు కూడా. ఆ క్షణం కాగానే బయట ఢాం అంది. పచ్చదీపాలు, బ్లాకులు, వీధి, అన్నీ నల్లబడ్డాయి.

చీకట్లో ఆయన ఒక్కరే, నోట్లో ఈలతో.

యంత్రాలు టీ తాగవు. వాటికి మంచినీళ్లకెళ్లే మొగుళ్లుండరు. ఆ సంగతి ఆయనకి అక్కడే, ఆ నిలబడ్డ చోటే తట్టింది. కానీ ఆలోచించుకునే తీరిక దొరకలేదు. ఎదురు బ్లాకు లోపల్నుంచి ఎవరో గుద్దుతున్న చప్పుడు.

"ఎవరక్కడ?" అని అరిచారు కంట్రోలరు గారు.

"నేనే! లిఫ్టులో ఉన్నాను!" పళ్ల డాక్టరు గొంతు. "అన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూద్దామని దిగుతున్నాను! ఇంతలో ఎవడో ఈల వేశాడు!"

ఎవడో అన్న మాటకి కంట్రోలరు గారు ఈలని మెల్లగా జేబులో వేసుకున్నారు.

లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేశాడు. ట్రాన్స్‌ఫార్మరు కాలలేదు గానీ దాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "రోజూ అయితే కాస్త అటూ ఇటూగా ఎక్కేవారు. ఇవాళ అందరూ చేతులు పట్టుకుని ఒక్కసారే దూకారు. ఎవరి సలహా సార్ ఇది?" అన్నాడు. అందరూ ఒకవైపే చూశారు.

లిఫ్టులోంచి బయటపడ్డ డాక్టరు గారు చెమట తుడుచుకుంటూ, ఆదివారం పొద్దున మీటింగనీ, ఆ రోజే తాళమనీ చెప్పి, మెట్లెక్కి పైకెళ్లారు.

ఆ తర్వాత రెండు రోజులు కంట్రోలరు గారు కాలు కాలిన పిల్లిలా తిరిగారు. ఇల్లు చాలక కారిడారు, కారిడారు చాలక పార్కింగు. కూతురు వచ్చినప్పుడు కారు వెనకాల రెండు ఖాళీ అట్టపెట్టెలు కనిపించాయి. ఇల్లు సర్దడానికి తెచ్చినవి. ఆ పెట్టెల వంక చూడకుండా వాటి చుట్టూనే తిరిగారు.

"నాన్నా, అంతలా బాధపడకు. నువ్వు చేసింది పెద్ద తప్పేం కాదు. అందరికీ ఎప్పుడు మొదలెట్టాలో చెప్పావు. అది బండికెందుకు?" అంది కూతురు, దిండ్లు దులుపుతూ.

"మరేం చెయ్యాలి?"

"ఎప్పటికి నిండాలో అడగాలి. నేను పేషెంట్ల ఇంటికి ఎన్నింటికి బయల్దేరానో ఎవరికి కావాలి? ఎన్నింటికి చేరతానో చెప్పమంటారు. పొద్దున్నే వెళ్లేవాళ్లది ముందు, మెల్లిగా వెళ్లేవాళ్లది తర్వాత. అంతే."

కంట్రోలరు గారు నడక ఆపేశారు. ఆయన ఆగడం చూసి వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

శనివారమంతా ఆయన గడప గడపా ఎక్కారు. ఒకటే ప్రశ్న: "పొద్దున బండి మీకు ఎన్నింటికి కావాలి?"

జిమ్ము మాస్టారు ఛాతీ విరిచి, "ఐదింటికి బాబాయ్ గారూ! జిమ్ము తెరవాల్సింది నేనేగా" అన్నాడు.

పై అంతస్తు బ్యాంకావిడ తలుపు సగమే తీసి, "జిమ్మాయన ఎన్నింటికన్నాడు?" అని అడిగింది.

"ఐదు."

"అయితే నాకు నాలుగున్నర. ఎందుకైనా మంచిది."

ఆ పై అంతస్తు కొత్త దంపతులు లోపలికెళ్లి గుసగుసలాడుకుని వచ్చి, నాలుగన్నారు. అలా అంతస్తు ఎక్కేకొద్దీ టైము దిగింది. చివరి అంతస్తులో ట్యూషను మాస్టారు మూడింటికి కావాలన్నాడు. మూడింటికి ఏ పిల్లవాడు లెక్కలు చెప్పించుకుంటాడో అడగాలనిపించింది. అడగలేదు. డాక్టరు గారు మాత్రం హుందాగా, "ఐదున్నర. నేను చెరువు దగ్గరికి వాకింగుకి వెళ్తాను" అన్నారు.

కంట్రోలరు గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే తెల్లవారకముందే లేచి పార్కింగులో పచార్లు చేసే మనిషి ఆ కాలనీలో ఆయనొక్కరే. ఏ బండి ఎప్పుడు కదులుతుందో ఆయనకి తెలిసినట్టు బండి యజమానికి కూడా తెలియదు. జిమ్ము తాళాలు పట్టుకుని సైకిలు మీద పోయేది జిమ్ము మాస్టారి బావమరిది. బ్యాంకావిడ కారు అద్దాల మీది మంచు ఎండకి ఆరాక గానీ ఆవిడ కిందికి రాదు. డాక్టరు గారి కారు బానెట్టు మీద ఒక బూడిదరంగు పిల్లి పడుకుంటుంది. వీధంతా ఎండెక్కి బానెట్టు చురుక్కుమంటేగానీ లేవదు. దాన్ని లేపాల్సిన అవసరం డాక్టరు గారికి ఏనాడూ రాలేదు.

కానీ ఆ సంగతి పైకెలా అంటారు? బస్సు తప్పిన వాణ్ని పట్టుకుని, ఎందుకు లేటయ్యావని నలుగురిలో అడిగే మనిషి కాదాయన. ఎవరి పరువు వాళ్లది. పైగా ఆయన నోరు కట్టేసిన సంగతి ఇంకొకటుంది. అది ఆయన భార్యకి కూడా చెప్పలేదు.

ఆదివారం పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కంట్రోలరు గారు తప్ప అందరూ కూర్చున్నారు. ఆయన అందరి టైములూ నోటికి చెప్పేశారు, బస్టాండులో చెప్పినట్టే, ఒక్క గుక్కలో. "...పళ్ల డాక్టరు గారు ఐదున్నర. మా అమ్మాయి ఐదు."

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే తెల్లారేసరికి మన కాలనీ ఖాళీ అన్నమాట. అందరికీ ముందే కావాలంటే అందరికీ ఒకేసారి పెట్టాలి. మళ్లీ మొదటికే వచ్చాం కదండీ? ఇంక మాటలనవసరం. తాళం..."

"ఒక్క నిమిషం," అని వెనక వరసలోంచి కూతురు లేచింది. "నా బండి ఐదింటికని ఎవరు చెప్పారు?"

కంట్రోలరు గారు నీళ్లు నమిలారు. "అంటే... ఎప్పుడైనా... అవసరం పడొచ్చు కదా తల్లీ..."

"నా మొదటి పేషెంటుకి ఎనభై దాటాయి నాన్నా. తొమ్మిదిన్నరకి ముందెళితే ఆవిడ తలుపే తియ్యదు. కర్రతో కొడుతుంది కూడా." ఆవిడ డాక్టరు గారి వైపు తిరిగింది. "నా బండి తొమ్మిదికి నిండితే చాలండీ. నన్ను అందరికన్నా ఆఖర్న వెయ్యండి."

కుర్చీలన్నీ కిర్రుమంటూ కంట్రోలరు గారి వైపు తిరిగాయి. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డారు. చొక్కా గుండీ ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకుని, "అబద్ధమే చెప్పాను," అన్నారు. "అమ్మాయి బండి నిండదేమోనని భయమేసింది. నిండకపోతే వెళ్లిపోతుంది. అందుకని ముందు వేసుకున్నాను. తప్పే."

పెద్దాయన అలా నిలబడి ఒప్పుకుంటుంటే తిట్టడానికి కూడా మొహమాటమే. ఆ మొహమాటంలో జిమ్ము మాస్టారి భార్యకి ఎక్కడో నవ్వు పుట్టింది. చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"నవ్వెందుకు?" అన్నాడు జిమ్ము మాస్టారు.

"ఏం లేదు. నువ్వు ఐదింటికి లేచిన రోజు నన్ను కూడా లేపు. ఫోటో తీసుకుంటాను."

"మా తమ్ముడి సైకిలుకి కూడా ఛార్జింగు పెట్టించండి, పాపం రోజూ తాళాలు మోస్తున్నాడు" అని ఇంకో మాట కూడా అంది. జనం గొల్లుమన్నారు. జిమ్ము మాస్టారు, కండలన్నిట్లోంచీ ఒక్కసారే గాలి తీసేసినట్టయి, "సరే, నాకు ఎనిమిది" అన్నాడు.

ఆ తర్వాత వరద. బ్యాంకావిడ తొమ్మిదంది. కొత్త దంపతులు ఒకరి ముఖాలొకరు చూసుకుని, తాము ఇంటి నుంచే పని చేస్తామనీ, బండి శనివారాలు కదుపుతామనీ ఒప్పుకున్నారు. ట్యూషను మాస్టారు, తాను మధ్యాహ్నం మూడన్నాననీ, కంట్రోలరు గారే తెల్లవారుజాము మూడనుకున్నారనీ దబాయించాడు. అది ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. తీరా చూస్తే తెల్లవారేసరికి బండి నిజంగా కావాల్సిన వాళ్లు నలుగురైదుగురే తేలారు: పాల డిపో ఆయన, ఆసుపత్రి నర్సు, అలాంటివాళ్లు. వాళ్లు అప్పటిదాకా మీటింగులో నోరు మెదపనే లేదు. అడిగితే ఇస్తారన్న ఆశ లేనివాళ్లు.

"మరి డాక్టరు గారి వాకింగో?" అన్నారెవరో.

డాక్టరు గారు కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ తీశారు. "మొదలెడదామనుకుంటున్నాను," అన్నారు గంభీరంగా.

"ఈ ఇంట్లోకొచ్చినప్పటి నుంచీ అదే మాట," అంది ఆయన భార్య, ముందు వరసలోంచి వెనక్కి తిరగకుండానే.

పాల డిపో ఆయనకీ, నర్సుకీ, ఇంకో ఇద్దరు ముగ్గురికీ మొదటి విడత, తొమ్మిదికి. వాళ్లవి అయ్యాక ఇంకో అరడజను. మిగతావాళ్లంతా చివరి విడత, తెల్లవారుజామున. అందులో ఆఖరి బండి కూతురిది. ఎవరి ఫోన్లో వాళ్లు తమ టైము నొక్కుకున్నారు. డాక్టరు గారు లేచి, "ఈ రాత్రి ఒక్కటే అవకాశం. ఢాం అన్నదంటే రేపు పొద్దున తాళమే. ఈలలు మాత్రం వద్దు," అన్నారు.

మీటింగు నుంచి వెళ్తూ మెట్ల దగ్గర కూతురు తండ్రిని ఆపింది.

"నాన్నా, నేను వెళ్తానన్నది ఒక్క ఛార్జింగు కోసమే అనుకుంటున్నావా?"

"ఇంకేముంది?"

"నువ్వున్నావు." కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. "రోజూ సాయంత్రం నా బండి చుట్టూ తిరుగుతావు. తిరిగితే తిరుగు, ప్లగ్గు కదిపి చూస్తావు. గట్టిగా ఉందా లేదా అని. కదిపితే ఛార్జింగు ఆగిపోతుంది నాన్నా! మొన్న నర్సింగ్ హోమ్ దగ్గర బండి ఆగిపోయి, మడత బల్ల నెత్తిన పెట్టుకుని నడిచాను. ఎవరికీ చెప్పలేదు."

కంట్రోలరు గారికి ఆ దృశ్యం కళ్లముందు కదిలింది. తాను వెళ్లనివ్వకూడదనుకుని తిరిగిన ప్రతి చుట్టూ, ఆ అమ్మాయిని గేటు వైపు ఒక్కో అడుగు తోసిందన్నమాట.

"ఇంటావిడ రాత్రికి ఫోను చేస్తుంది. ఇవాళ నువ్వు కిందికి దిగకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ. దిగావో, నేను ఆవిడకి సరే అంటాను," అంది కూతురు. నవ్వుతూ అన్నట్టే ఉంది గానీ, నవ్వు కళ్లలో లేదు.

ఆ రాత్రి ఆయన పడ్డ యాతన బస్సులు సమ్మెలో ఉన్నప్పుడు కూడా పడలేదు. చెప్పులు వేసుకునే ఇంట్లో తిరిగారు. వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి తలుపుకి. తలుపు గడియ మీద చెయ్యి వేయడం, తీసేయడం. కూతురు తల్లితో పాటు సోఫాలో కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుంది. ఎవరూ టీవీ పెట్టలేదు. ఫ్యాను చప్పుడు వింటున్నారు ముగ్గురూ.

బస్సయితే హారను కొడుతుంది, పొగ వదులుతుంది, కదిలిందని తెలుస్తుంది. ఇదేమిటి, ఎక్కడో గోడకి ఒక పచ్చచుక్క వెలగడం, అదీ చప్పుడూ పొగా లేకుండా! జరిగితే ఏమీ తెలియదు. జరగకపోతేనే తెలుస్తుంది.

తొమ్మిదైంది, మొదటి విడత వేళ. లైటు ఒక్కసారి కళ్లార్పింది.

కంట్రోలరు గారి చెయ్యి గడియ మీదికెళ్లింది. కూతురు సోఫాలోంచి సగం లేచింది.

లైటు నిలబడింది.

"ఫ్రిజ్ అండీ, ఫ్రిజ్," అంది భార్య. "అది ఆన్ అయినప్పుడల్లా అంతే. ఇన్నేళ్లుగా అంతే. మీరెప్పుడు చూశారు గనక?"

అప్పుడే ఫోను మోగింది. కూతురు ఫోను తీసుకుని కిటికీ వైపు వెళ్లింది. కంట్రోలరు గారు తలుపు దగ్గరే ఆగిపోయారు. గడియ మీద చెయ్యి ఉంది. తీయలేదు.

"ఆఁ, నమస్తే అండీ... ఇల్లు చాలా బాగుంది. గ్యారేజీ కూడా..." కొంచెం ఆగింది. వెనక్కి తిరిగి తండ్రి చెప్పుల వంక చూసింది. ఆయన చెయ్యి వంక చూసింది. "లేదండీ. మీరు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. మాకిక్కడ సర్దుబాటయ్యేట్టుంది... ఇవాళ్టికైతే అయింది. రేపటి సంగతి... అవునండీ, థాంక్సండీ."

ఫోను పెట్టేసి సోఫాలో కూర్చుంది. తల్లి చీర కొంగు కళ్లకి అద్దుకుని, టీ పెడతానని లేచింది. కంట్రోలరు గారు గడియ మీంచి చెయ్యి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు.

కూతురు ఒక్క నిమిషం కూర్చుంది. కాలు ఊపింది. లేచి కిటికీలోంచి కిందికి చూసింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

"నా బండికి టైము సరిగ్గా పెట్టానో లేదో... ఒక్కసారి చూసొస్తానమ్మా," అంటూ తండ్రిని పక్కకి తప్పించి, తలుపు తీసుకుని మెట్లు దిగిపోయింది.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. "చూశారా?" అంది భార్య లోపల్నుంచి. "అచ్చు మీరే! ఆ నడక కూడా!"

ఆయన అప్పటికే బాల్కనీలో ఉన్నారు. కింద పార్కింగులో నాలుగైదు పచ్చచుక్కలు వెలుగుతున్నాయి. మిగతా బళ్లన్నీ తమ వంతు కోసం చీకట్లో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కూతురు తన కారు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. వంగి, ఛార్జరు దగ్గరగా ముఖం పెట్టి చూసింది. మెల్లిగా చెయ్యి చాపింది, ప్లగ్గు గట్టిగా ఉందో లేదో చూడటానికి.

కంట్రోలరు గారు రెయిలింగు మీంచి సగం బయటికి వంగి, బస్టాండంతా వినపడే గొంతుతో అరిచారు:

"ముట్టుకోకు!"

నాలుగు బ్లాకుల కిటికీలూ తెరుచుకున్నాయి. అన్నింట్లోనూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.